వంపు బంతి బేరం

ఆర్వల్ స్టిడమ్ భుజం ఆ ఏడు జూన్‌లో చేతులెత్తేసింది. ఆ సంగతి అతనికంటే ముందు గని కంపెనీ కట్టిన క్యాంపు అంతటికీ తెలిసింది. నాలుగేళ్ళుగా అతను విసిరిన బంతి క్యాచర్ తొడుగులో పడితే ఆ చప్పుడు కొండ అవతలికి వినిపించేది. ఇప్పుడు తడి గోనెసంచి మీద పడ్డట్టు పడుతోంది. ఆదివారం బేస్‌బాల్ ఆటకి వచ్చిన ముసలాళ్ళు చెక్క బెంచీల మీద పొగాకు నములుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి ఊపిరితిత్తులు ఎన్నాళ్ళు ఆగుతాయో, ఎవరి నడుం ఎప్పుడు పోతుందో పసిగట్టడం బొగ్గు క్యాంపు ముసలాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

పోయింది ఉత్త భుజమే అయితే చెప్పుకోడానికి ఏమీ లేదు. కెట్లర్ ఫోర్క్ లోయలో బంతి విసిరే చెయ్యి అంటే ఉద్యోగం. కంపెనీ పుస్తకంలో ఆర్వల్ ఆరో దారి టింబరు మనిషి. అంటే గని లోపల ఆరో దారిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాల్సినవాడు. నిజానికి అతను ఆ దారి మొహం చూసి నాలుగేళ్ళయింది. పొద్దున్న గని బయట దీపాల గదిలో కూర్చుని, కిటికీలోంచి ఒక్కొక్కరికీ దీపం అందించి, లోపల ఎవరున్నారో తెలిసేలా వాళ్ళిచ్చిన ఇత్తడి బిళ్ళని మేకుకి తగిలించడం, మధ్యాహ్నం మైదానంలో బంతి విసరడం, ఇదీ అతని పని. జట్టులో తొమ్మిదిమందిదీ అదే వరస. ఒకడు పుస్తకంలో పట్టాలు సరిచేసేవాడు, ఇంకొకడు నీళ్ళు తోడేవాడు. పట్టాలు వంకరపోతే పోనీ, నీళ్ళు నిలిస్తే నిలవనీ, ఆదివారం జట్టు గెలిస్తే చాలు.

మరి దుంగలు ఎవరు నిలబెట్టేవారు? బొగ్గు ఎత్తేవాళ్ళే, తీరిక దొరికితే. వాళ్ళకి కూలి టన్నుల లెక్కన. దుంగ నిలబెట్టినందుకు ఒక్క సెంటు రాదు. అందుకని ఎవడికీ తీరిక దొరికేది కాదు. ఇందులో తప్పుందని ఒక్కడికీ తోచలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ కప్పు కింద ఒళ్ళు వంచేవాళ్ళే ఆదివారం టోపీలు ఎగరేసి ఆర్వల్ పేరు అరిచేవాళ్ళు. మన పిల్లలు బంతి విసరాలిగానీ గనిలో చేతులు పాడుచేసుకోవడమేమిటి అనేవాళ్ళు. తమ నెత్తిన దుంగ లేకపోవడం వాళ్ళకి గొప్పగా ఉండేది. అలాంటి వెర్రి వెస్ట్ వర్జీనియా కొండల్లో తప్ప ఇంకెక్కడా నేను చూడలేదు.

ఆర్వల్‌కి గని అంటే భయం ఊరికే పట్టుకోలేదు. పందొమ్మిది వందల ఇరవై ఏడులో కప్పు కూలి పదకొండు గంటలు దాని కింద ఉండిపోయాడు. పక్కనే అతని పినతండ్రి కొడుకు. మొదటి నాలుగు గంటలూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆర్వల్ ఒక్కడే మాట్లాడాడు. బయటికి తీసిన నెలకి మళ్ళీ లోపలికి వెళ్దామని, పట్టాల మీద పనివాళ్ళని గనిలోకి మోసే మనుషుల బండి ఎక్కాడు. వెనక వెలుతురు చిన్నదయ్యేసరికి ప్యాంటు తడిసిపోయింది. అదృష్టం బాగుండి ఆ బండిలో చీకటి, పైనుంచి నీళ్ళు కారుతున్నాయి, ఎవరూ గమనించలేదనుకున్నాడు. భార్య డెల్ఫాకి మాత్రం చెప్పాడు. ఆ తర్వాతే బంతి పట్టాడు, ఆ బంతే నాలుగేళ్ళుగా అతన్ని వెలుతుర్లో ఉంచింది.

జూలైలో ఒక సోమవారం సూపరింటెండెంట్ ప్రెంటిస్ దీపాల గది కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. పెంచాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

"నిన్న ఆరు పరుగులిచ్చావు, ఆర్వల్."

"అవును సార్. భుజం జర పట్టేసింది."

"వయసెంత నీకు?"

"ముప్పై ఒకటి."

"ఒహాయో నుంచి ఒక కుర్రాడు వస్తానంటున్నాడు. పంతొమ్మిదేళ్ళు. చెయ్యి బాగుందట." ప్రెంటిస్ మేకులకి వేలాడుతున్న బిళ్ళల వరసలు చూస్తూ అన్నాడు. "ఆగస్టు ఆఖరి ఆదివారం బ్లెయిర్ జంక్షన్ వాళ్ళతో ఆట ఉంది కదా. అది నువ్వే ఆడు. గెలిస్తే సరే సరి. గెలవకపోయినా బెంగపడకు, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. పుస్తకంలో నువ్వు టింబరు మనిషివేగా. ఆరో దారిలో పనికేం కొదవ?"

ఆ రోజు ఆర్వల్ ఇంటికెళ్ళి బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. డెల్ఫా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నోరున్న మనిషి, మొగుడి మీద ప్రేమున్న మనిషి. ఆ రెండూ ఒకేసారి బయటికొచ్చేవి.

"ఏమన్నడు దొర?"

చెప్పాడు.

"నీ భుజం పోయింది. ఇగ రాదు. కాకుల మీద రాళ్ళిసిరినట్టు ఇసిరితే ఎవడు ఔటయితడు? వంపు బంతి నేర్చుకో."

"ఈ వయసుల నాకెవడు నేర్పుతడే?"

"ఐసమ్ పెటిగ్రూ. నల్లోళ్ళ జట్టుల ఆడుతుంటే మా నాయన భుజాల మీద కూసోని చూసిన. వాని బంతి సక్కగ వచ్చి వచ్చి, బల్ల మీదికెల్లి పిల్లి దుంకినట్టు దుంకేది. బ్యాటు పట్టినోడు గాలిని కొట్టి బోర్ల పడేటోడు."

"నల్లోని కాడికి పోయి నేర్చుకోవాల్నా నేను?"

"వద్దులే," అంది డెల్ఫా. "బండెక్కు."

ఆ మర్నాడే అతను ఐసమ్‌ని వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఐసమ్ పెటిగ్రూకి యాభై దాటాయి. బొగ్గు బండ్ల మధ్య నలిగి కుడి చూపుడువేలు సగం పోయింది, దుమ్ము పేరుకుని ఛాతీ పోయింది. ఇప్పుడు గని బయట, కదిలే పట్టీ మీద బొగ్గులోంచి రాళ్ళేరే చోట ముసలాళ్ళతో కలిసి నిలబడేవాడు. కంపెనీ ఇల్లు నిలవాలంటే ఇంట్లో ఒక మగవాడు లోపల బొగ్గెత్తాలి. అది క్యాంపు కట్టుబాటు. ఐసమ్ ఇల్లు కొడుకు ఓడెల్ మీద నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు, పని ఆరో దారిలో.

తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైనా ఆర్వల్ ఐసమ్‌ని నువ్వనేవాడు, ఐసమ్ అతన్ని మీరనేవాడు. ఆ లోయలో అది అంతే. తెల్లవాడికి నల్లవాడు ఆట నేర్పుతున్నాడంటే ఇద్దరికీ పరువు తక్కువ, ఒకడికి వీపు మీద దెబ్బలు కూడా. అందుకని రాళ్ళ చెత్త పోసే గుట్ట వెనక కలుసుకున్నారు.

"నేర్పుత," అన్నాడు ఐసమ్, విషయం విన్నాక. "పైసలొద్దు."

"మరేం కావాలె?"

"ఆరో దారిల కప్పు మాట్లాడుతున్నదంటుండు మా ఓడెల్. టక్కు టక్కుమని. అక్కడ టింబరు మనిషి ఎవలో మీకెరికే గద."

ఆర్వల్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మిమ్ముల లోపటికి పొమ్మంటలేను సారూ. మీ సంగతి నాకెరుక." ఏ సంగతో, ఎలా ఎరుకో ఆర్వల్ అడగలేదు. ఆ బండిలో ఆ రోజు ఎవరెవరున్నారో అతనికి గుర్తులేదు. "గెలిచిన దినం దొర మనసు మెత్తగుంటది. ఆ దినం ఒక్క మాట చెప్పుండ్రి. ఆరో దారికి నిజం టింబరు మనిషిని పెట్టుమనుండ్రి. గంతే."

"చెప్త," అన్నాడు ఆర్వల్.

ఆ మాట అన్నప్పుడు మనసులో ఉన్నదే అన్నాడు. అందులో నాకు సందేహం లేదు.

మొదటి వారం ఐసమ్ బంతి విసరనివ్వలేదు. కుడి మోకాలు నేలకానించి కూర్చోబెట్టి, బంతి పట్టడమే నేర్పాడు.

"నడిమేలు కుట్టు మీద ఉండాలె. చూపుడేలు దాని పక్కపొంటి ఊకెనే కూసోవాలె, చుట్టం వచ్చినట్టు. దానికి పని చెప్పొద్దు." తన మొండివేలు చూపించాడు. "నాకైతే చుట్టం సగమే ఉన్నడు. అందుకే నా బంతి అంత మంచిగ తిరిగేది. దేవుడు ఒక్కటి తీస్కపోయి ఇంకోటిస్తడంటరు, ఇదో, ఇదే ఇచ్చిండు."

"నేను సుత సగం తీసేసుకోవాల్నా?"

"మీరు తెల్లోళ్ళు, మీకు నిండుగ ఉన్నా తిరుగుతది తియ్యుండ్రి."

నవ్వితే అతనికి దగ్గు వచ్చేది. దగ్గితే నల్లగా ఉమ్మేవాడు.

రెండో వారం రెండు గుంజలు పాతి ఛాతీ ఎత్తున తాడు కట్టాడు. తాడుకి అవతల మందుగుండు పీపా ఒకటి మూత తీసి పెట్టాడు. బంతి తాడు మీదుగా వెళ్ళి పీపాలో పడాలి. ఆర్వల్ విసిరిన బంతి తాడుకి తగిలేది, లేదా పీపా దాటి రాళ్ళ గుట్టలోకి పోయేది. నిటారుగా పోవడమే తప్ప వంగడం దానికి తెలియదు.

"మోచెయ్యి మెలిపెట్టకుండ్రి. చెంచా పట్టుకునే చెయ్యి సుత పోతది. గొడ్డలి దిగినట్టు మొకం ముందరికెల్లి దిగాలె. బొటనేలు కిందికెల్లి మీదికి రావాలె."

"అట్లనే చేస్తున్న గద."

"చేస్తలేరు. బంతిని బతిమాలుతున్రు. బతిమాలితే ఎవడు వంగుతడు? బ్యాటు పట్టినోని తలకాయ మీదికే ఇసరుండ్రి. వాడు భయపడి ఎన్కకు జరుగుతడు. బంతేమో వానికి దండం పెట్టి లోపటికి పోతది. అది వంగుతదని ముందుగాల మీకు నమ్మకం ఉండాలె. నమ్మకం లేనోడు ఆఖరి గడియల చెయ్యి బిగబడతడు."

ఆర్వల్ అదే చేస్తున్నాడు. బంతి వదిలే క్షణంలో బిగబట్టేస్తున్నాడు. రోజుకి అరవై, డెబ్భై బంతులు. ఇంటికెళ్ళి చెయ్యి వేన్నీళ్ళలో పెట్టుకుంటే డెల్ఫా ఉప్పు వేసేది. నిద్రలో అతని వేళ్ళు దుప్పటిని పట్టుకుని తిరుగుతుండేవని చెప్పింది. ఆగస్టు రెండో వారంలో, ఒక బుధవారం, ఎండకి కళ్ళు చికిలించుకుని విసుగుతో విసిరిన బంతి తాడు మీదుగా వెళ్ళి, ఎవరో కింద నుంచి లాగినట్టు జారి పీపాలో పడింది. ముప్పై ఒక్కేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా పరుగెత్తుకెళ్ళి పీపాలోకి తొంగిచూశాడు. బంతి నిజంగానే లోపల ఉంది.

సరిగ్గా అప్పుడే ఓడెల్ పని దిగి, అన్నం డబ్బా ఊపుకుంటూ గుట్ట చుట్టి వచ్చాడు. మొహం నిండా మసి, తెల్లగా పళ్ళు.

"నాయినా, సారు బంతి వంగిందా, మీరిద్దరు కల్సి పీపానే వంచిన్రా?"

"నోరు ముయ్యిరా. కప్పు ఎట్లున్నది?"

పిల్లవాడి నవ్వు తగ్గింది. "పొద్దుగాల నాలుగు దుంగలు అడుక్కొచ్చి నేనే పెట్టిన. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరల రెండు టన్నులెత్తేటోన్ని. వారం సంది ఎలుకలు సుత కనబడ్తలేవు నాయినా, కప్పు కూలేముందు అవే పారిపోతయంటరు గద."

"ఇంకొన్ని దినాలు ఓర్సుకో. సారు దొరతోని మాట్లాడుతడు."

ఓడెల్ ఆర్వల్ వైపు తిరిగాడు. "మాట్లాడుతరా సారు?"

"మాట్లాడుత."

"జర మర్చిపోకుండ్రి," అన్నాడు ఓడెల్. తర్వాత బ్యాటు పట్టినట్టు డబ్బా పట్టుకుని పీపా ముందు నిలబడ్డాడు. ఆర్వల్ అతని తలమీదికే విసిరాడు. పిల్లవాడు కెవ్వుమని వెనక్కి పడ్డాడు, బంతి దండం పెట్టి లోపలికి పోయింది. ముగ్గురూ నవ్వారు. ఆర్వల్‌కి ఆ పిల్లవాడు నచ్చాడు. ఇది కూడా చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఆఖరి ఆదివారం లోయ లోయంతా మైదానంలోనే ఉంది. తెల్లవాళ్ళు బెంచీల మీద, నల్లవాళ్ళు ఎడమ పక్క కొండ వాలు గడ్డి మీద. బ్లెయిర్ జంక్షన్ వాళ్ళు మొదట్లోనే ఆర్వల్ వేగం బంతుల్ని ఉతికి రెండు పరుగులు లాగారు. కంచె దగ్గర ఒక పొడుగాటి కుర్రాడు చేతికి తొడుగు వేసుకుని ఊరికే నిలబడ్డాడు. ఒహాయో కుర్రాడు. ఆర్వల్ ఒకసారి అటు చూశాడు, ఆ పైన గని నోటి వైపు చూశాడు. అప్పుడు నడిమివేలు కుట్టు మీద పెట్టాడు.

బ్యాటు పట్టినవాడు కమ్మరి దాగలిలాంటి మనిషి. బంతి తన దవడ మీదికి వస్తోందని బ్యాటు వదిలేసి పిర్రల మీద కూలబడ్డాడు. బంతి వంగి క్యాచర్ తొడుగులో పడింది. మైదానమంతా నవ్వు. ఆ తర్వాత ఏడు రౌండ్లలో బ్లెయిర్ జంక్షన్ వాళ్ళకి ఒక్క పరుగు రాలేదు. మూడు రెండుతో గెలిచారు. గడ్డి మీద ఓడెల్ టోపీ ఎంత ఎత్తు ఎగరేశాడంటే అది చెట్టు కొమ్మకి చిక్కుకుంది.

ప్రెంటిస్ వచ్చి అందరి ముందూ చెయ్యి కలిపాడు. సిగార్ ఇచ్చాడు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా అది?"

"ఊకెనే… ప్రయత్నం చేసిన సార్."

"ఏం కావాలో అడుగు. ఈరోజు నీకు కాదనను."

ఆర్వల్ నోరు తెరిచాడు. మాట సిద్ధంగానే ఉంది, వారం రోజులుగా దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాడు: ఆరో దారికి టింబరు మనిషి కావాలి సార్. కానీ దానికి జవాబు కూడా ఆ మెత్తటి గొంతుతోనే ముందుగా వినబడింది: ఉన్నావుగా, ఆర్వల్. ఒహాయో కుర్రాడు ఇంకా కంచె దగ్గరే ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు.

"ఏమొద్దు సార్," అన్నాడు.

"మంచివాడివి," అని ప్రెంటిస్ అతని భుజం తట్టాడు. నొప్పి ఉన్న భుజమే.

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఆర్వల్ ఆ జాతివాడు కాదు. అతను ఉత్త పిరికివాడు, అంతే. కానీ ఎదుటివాడి ప్రాణం మన చేతిలో ఉన్నప్పుడు పిరికితనానికీ దుర్మార్గానికీ తేడా ఎంతో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఐసమ్ కంపెనీ కొట్టు మలుపులో టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చెప్పిన్రా సారూ?"

ఇంకా చెప్పలేదు అంటే సరిపోయేది. రేపు చెప్తానంటే సరిపోయేది. ఆ ముసలాడి కళ్ళల్లో ఉన్న సంతోషం చూసి ఆర్వల్‌కి ఆ ముక్క పెగల్లేదు.

"చెప్పిన."

"ఏమన్నడు?"

"పెడ్తనన్నడు. ఈ వారంలనే."

ఐసమ్ చెయ్యి ముందుకు వచ్చింది, నడిరోడ్డు అని గుర్తొచ్చి వెనక్కి పోయింది. "మీ మేలు మర్చిపోను," అన్నాడు. ఆర్వల్ ఇంటికి నడుస్తూ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు, రేపు పొద్దున్నే ప్రెంటిస్‌కి చెప్పేస్తే అబద్ధం కాస్తా నిజమైపోతుందని. సోమవారం ప్రెంటిస్ చార్లెస్టన్ వెళ్ళాడు. మంగళవారం ఇద్దరు కోటు మనుషుల్ని వెంటబెట్టుకుని తిరిగాడు. వాళ్ళ ముందు ఎలా చెప్తాం అనుకున్నాడు ఆర్వల్.

బుధవారం పదకొండు దాటాక గని కూత కూసింది, పొడుగ్గా, ఆగకుండా. ఆడవాళ్ళు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు. ఆరో దారి అన్నారు. మనుషులు బయటికి వచ్చి దీపాలు కిటికీలో పెట్టి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకుపోతున్నారు. ఆర్వల్ ఒక్కో బిళ్ళా తీసి ఇచ్చాడు. మేకుల వరస ఖాళీ అవుతూ వచ్చి ఒక్కటి మిగిలింది. రెండు గంటలకి శవాన్ని చెక్క పలక మీద వేసి తెచ్చారు. కాళ్ళు చూసి ఐసమ్ కొడుకుని గుర్తుపట్టాడు, మొహం వాళ్ళు చూపించలేదు. ఆర్వల్ దీపాల గదిలోంచి బయటికి రాలేదు. ఆ బిళ్ళని మాత్రం అతను తియ్యలేదు, మేస్త్రీ వచ్చి తీసుకుపోయాడు.

గురువారం విచారణ. బుధవారం సాయంత్రమే ప్రెంటిస్ కిటికీ దగ్గరికి వచ్చి, "రేపు నిన్ను ఒకటే అడుగుతారు. ఆ జవాబు మీదే జట్టంతా ఆధారపడి ఉంది," అని చెప్పి వెళ్ళాడు. కంపెనీ కొట్టు మేడ మీది గదిలో ఆరుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఎండగా ఉందని కిటికీలు తెరిచారు. నల్లవాళ్ళని లోపలికి పిలవలేదు. వాళ్ళు కింద రోడ్డు మీద నిలబడ్డారు, ముందు వరసలో ఐసమ్.

"ఆరో దారి టింబరు మనిషివి నువ్వేనా?"

"నేనే."

"పోయిన శుక్రవారం అక్కడ దుంగలు నిలబెట్టావా?"

శుక్రవారం అతను రాళ్ళ గుట్ట వెనక బంతి విసురుతున్నాడు. ఇంట్లో డెల్ఫా కాక, ఆ సంగతి తెలిసి బతికున్న మనిషి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడూ కింద నిలబడి పైకి చూస్తున్నాడు.

"నిలబెట్టిన."

"ఎన్ని?"

లెక్క అడుగుతారని అతను అనుకోలేదు. "ఎనిమిది," అన్నాడు.

"అయితే చనిపోయినవాడు బొగ్గు ఎత్తడానికి అడ్డమని వాటిని తీసేసి ఉండాలి."

"అయ్యుండొచ్చు."

మృతుని సొంత అజాగ్రత్తే కారణం అని రాశారు. చచ్చినవాడి మీదికి నెట్టేస్తే కాదనడానికి వాడు లేచి రాడుగదా. ఆర్వల్ వెనక మెట్ల మీంచి దిగిపోయాడు. ఆ రాత్రి డెల్ఫా అతని చేతికి ఉప్పు నీళ్ళు పెట్టలేదు. ఆ ఆదివారం అతను మళ్ళీ ఆడాడు, మళ్ళీ గెలిచాడు. బంతి చెప్పినట్టల్లా వంగింది. ఒహాయో కుర్రాడు పెట్టె సర్దుకుని రైలెక్కాడు. ఇక ఎవరూ ఆర్వల్‌ని ఆ బండి ఎక్కమనరు. కోరుకున్నదంతా దక్కింది, తిన్నది మాత్రం ఒంటపట్టలేదు.

సోమవారం పొద్దున దీపాల కోసం వరస కట్టారు. ఆర్వల్ తలెత్తకుండా బిళ్ళలు తీసుకుని దీపాలు ఇస్తున్నాడు. ఒక చెయ్యి బిళ్ళ పెట్టింది. చూపుడువేలు సగమే ఉంది.

"నువ్వెందుకు?" అన్నాడు ఆర్వల్. "నీ ఛాతీ…"

"ఇంట్ల ఇద్దరాడపిల్లలున్నరు. లోపట మనిషి లేకుంటె ఇల్లు ఖాళీ చెయ్యమన్నరు."

"ఏ దారి?"

"ఆరోది."

వెనక వరస కదలకుండా నిలబడింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఐసమ్ దగ్గు వస్తే ఆపుకుని, తీరిగ్గా, వాతావరణం గురించి చెప్తున్నట్టు చెప్పాడు.

"మొన్న బుధవారం కోసం ఓడెల్ ఆరు దుంగలు అడుక్కొచ్చి పెట్టుకున్నడు సారూ. పొద్దుగాల పోంగనె నిలబెడ్తనన్నడు. నేనే వద్దన్న. రెండు టన్నులు పోగొట్టుకోకు బిడ్డా, ఈ వారమే మనిషొస్తడు, ఆర్వల్ సారు మాటిచ్చిండు అన్న. నా మాటిన్నడు. ఆ దుంగలు గోడకే ఆనిచ్చి ఉన్నయట, ఒక్కటి సుత ఇరగలేదు."

"ఐసమ్, నేను ఆ దినం…"

"అయ్యన్ని వద్దు. ఒక్కటడుగుత, చెప్పుండ్రి. ఇయ్యాల ఆరో దారికి దుంగలు పెట్టెటోడు ఎవడన్న వస్తున్నడా?"

ఆర్వల్ వెనక, అరలో, దీపాలు ఇంకా చాలా ఉన్నాయి. చెయ్యి చాపితే ఒకటి అందుతుంది. అతను తల తిప్పి గని నోటి వైపు చూశాడు. మనుషుల బండి అక్కడ సిద్ధంగా ఉంది, దాని ముందు సగం అప్పటికే చీకట్లో ఉంది. చేతిలో ఉన్న దీపాన్ని కిటికీలోంచి ముందుకు జరిపాడు.

"లేడు," అన్నాడు. "ఎవరూ రారు."

ఐసమ్ దీపం తీసుకుని టోపీకి తగిలించుకున్నాడు. తగిలిందో లేదో మొండివేలితో తడిమి చూసుకున్నాడు.

"ఈ ముక్క ఆ ఆదివారమే చెప్తే అయిపోతుండె గద సారూ," అన్నాడు. "మా పోరడే పెట్టుకునేటోడు."